టిక్కెట్టు వెల - ఇంటి గుట్టు



నేను ముప్పదినాలుగు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. అమరకోశమును, శబ్దమంజరిని వల్లించిన నోటితో వర్తక సంస్థలను గూర్చియు, యంత్రములను గూర్చియు మాటలాడుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. నాకును తోచినది. కాని నేటి విషయము నిజముగా యంత్రమును గూర్చినది కాదు, గుట్టును గూర్చినది. గుట్టును గూర్చి మాటలాడుటకు పండితునకును కొంత అధికారము కలదు.

పరులకు వెల్లడింపరాని విషయములు తొమ్మిదని మన పెద్దలు లెక్కించిరి. వానిలో మొదటిది వయస్సు, రెండవది ధనము, మూడవది ఇంటిలోని లోపము. మంత్రము, ఔషధము, దానము, మానావమానములు మొదలైనవి తరువాత వచ్చును. తరగతిలో ఈ నీతి చెప్పునపుడు మొదటిదానిని నేను త్వరగా దాటవేయుచుండెడివాడను. వయస్సు చెప్పిన నేమి పోవునని బాలురడిగెడివారు. ధనమును దాచుమనుట తెలియును. వయస్సును దాచుట యెందులకో నాకును తెలియదు. గడచిన సంవత్సరము తెలిసినది. ఆ పాఠమునకు మా యింట చెల్లించిన గురుదక్షిణ పదునాలుగువేల రూపాయలు.

నా చిన్నతనమున మా యూరికి సురభి వారు వచ్చి డేరా వేసెడివారు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున కీచకవధ నాటకముతో ప్రారంభమైన యా కుటుంబములవారు తరతరములుగా నాటకమునే బ్రదుకుదెరువుగా జేసికొనినవారు. నేల టిక్కెట్టు, బెంచీ టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు అని మూడు తరగతులు. పలకలో నొక రంధ్రముండును. దానిలో చేయి దూర్చి చిల్లర యిచ్చినచో గులాబిరంగు కాగితపు ముక్క యొకటి చేతిలో పడును. లోపలివాడు మన ముఖమైనను జూచెడివాడు కాడు. ద్వారమువద్దివాడు దానిని సగము చింపి లోనికి బంపును. ఆ కాగితమునకు నా పేరు తెలియదు, నా తండ్రి పేరు తెలియదు, నా జన్మదినము మొదలే తెలియదు. ఎవరి చేతనున్న వారిదే టిక్కెట్టు. పోయినచో పోయినట్లే. నేనొకసారి పోగొట్టుకొని డేరా వెలుపల నిలుచుండి పద్యములు మాత్రము విని వచ్చితిని.

ఆ పద్ధతియంతయు మేలైనదని నేననను. త్రోపులాటలో చొక్కాలు చినిగెడివి. స్త్రీలును వృద్ధులును నిలువలేకుండిరి. టిక్కెట్టులన్నియు నొకడే కొని రెట్టింపు వెలకు వీథిలో అమ్ముకొనెడివాడు. నేడు ఇంట గూర్చుండి, ఏ వరుసలో ఏ కుర్చీ కావలెనో చూచుకొని కొనవచ్చును. మోకాళ్ల నొప్పులతో బాధపడు మా యింటి యామెకు ఇది గొప్ప ఉపకారమని నేనొప్పుకొందును. ఆ యుపకారముతోనే కథ మొదలైనది.

మాది తెనాలి. విజయవాడలో ఒక గాత్రకచేరి జరుగునని తెలిసి మేమిరువురము పోదలచితిమి. నాయొద్దనున్నది మీటల ఫోను; మాటలాడుటకు తప్ప మరియొక పనికి రాదు. పెద్ద తెరగల ఫోను మా యింటి యామెది. ఇంటరు చదువుచున్న మా మనుమరాలు దానిని చేతబట్టి టిక్కెట్టులు కొనుటకు గూర్చున్నది. పేరడిగిరి, చెప్పితిని. ఫోను నంబరు, ఈమెయిలు చిరునామా, స్త్రీయా పురుషుడా, ఏ యూరు - అన్నియు జెప్పితిని.

"తాతయ్యా, పుట్టినరోజు అడుగుతోంది" అన్నది.

"కచేరీ వినడానికి పుట్టినరోజెందుకే?"

"ఏమో. ఏదో ఒకటి వేసెయ్యనా? నిజమే వెయ్యాలని ఎవరన్నారు?"

నాకు కోపము వచ్చినది. ముప్పదినాలుగేండ్లు సత్యమునే పలుకుమని బోధించినవాని మనుమరాలవు, ఇంత చిన్న విషయమున అబద్ధమాడుదువా యని మందలించి, తిథివార నక్షత్రములతో గూడ జ్ఞాపకమున్న యా జన్మదినమును, తేదీతో సంవత్సరముతో, చెప్పి వేయించితిని. ఆ జన్మదినము నాది కాదు. ఫోను ఆమెది గనుక పేరును ఆమెదే, పుట్టిన తేదీయు ఆమెదే. ఆమె వంటయింట నుండెను. అడుగవలెనని నాకు తోచలేదు. తరువాత ఆ యంత్రము, మీరున్న చోటు తెలిసికొనవచ్చునా, మీ ఫోనులోని పేర్లపట్టిక చూడవచ్చునా యని వరుసగా నడిగినది. ఆలస్యమగుచున్నదని అన్నిటికిని సరే యనుమంటిని. కొత్త కచేరీల వార్తలును, బహుమానముల వార్తలును పంపుటకు మాకు సమ్మతమే యను గడిలో టిక్కు ముందే పెట్టబడియున్నది. దానిని మేము పెట్టలేదు, తీయనులేదు.

కచేరీ దివ్యముగా నుండెను. ఆ దినము విన్న కాంభోజి యింకను చెవులయందున్నది. ఆ తరువాత మా యింటి యామె ఫోనునకు విశ్రాంతి లేదు. అరువదియేండ్లు దాటినవారికి ఆరోగ్యబీమా, మోకాళ్లకు తైలము, కాశీయాత్రకు రాయితీ, అమరావతిలో స్థలములు. ఆమె పుట్టినదినమున మా పిల్లలకంటె ముందు ఒక నగల దుకాణమువారు శుభాకాంక్షలు పంపిరి. ఆమె నవ్వి, "వీళ్లకి నామీద ఎంత ప్రేమో" అన్నది.

కొన్ని మాసములకు గుంటూరు కచేరీకి టిక్కెట్టులు కొంటిమి. అది వాయిదా పడినది. మరునాడు ఒక మర్యాదస్తుడు మంచి తెలుగులో ఫోను చేసి, అమ్మా యని సంబోధించి, ఆమె పేరు, కచేరీ తేదీ, కూర్చుండవలసిన వరుస, కుర్చీల సంఖ్యలు, చెల్లించిన సొమ్ము - ఒక్కటియు తప్పులేక చెప్పినాడట. ఇన్ని తెలిసినవాడు సంస్థవాడు గాక మరియెవడని ఆమె నమ్మినది. సొమ్ము తిరిగి వేయుటకు ఫోనులోనికి వచ్చిన అంకెలు చదువుమన్నాడు. చదివినది. నా పింఛను పడు ఖాతానుండి పదునాలుగువేలు పోయినవి. నేను వీథినుండి వచ్చి ఈ సంగతి విని, తెల్లవారిన పిదప బ్యాంకునకు పోవుదమని పడుకొంటిని. అదియొక తప్పు. 1930 అను సంఖ్యకు ఆ గడియలోనే ఫోను చేసియుండవలెను. సొమ్ము చేతులు మారకముందు నిలుపుదల చేయింపవచ్చును. శ్రోతలలో నెవరికైన నిట్టి దురవస్థ కలిగినచో రాత్రి యని, పగలని చూడకుడు.

ఆ మనుష్యునకు మా వివరములెట్లు చేరెనో నేను రుజువు చేయజాలను. టిక్కెట్టు సంస్థవారు తమవద్దనుండి పోలేదనిరి. కావచ్చును. వారినుండి వివరములు పొందిన మరియొకరినుండి పోయియుండవచ్చును. ఆ మరియొకరెవరు, ఎందరు అని విచారించుచు పోగా నాకు తెలియవచ్చిన సంగతులే నేను మీకు మనవి చేయదలచినవి.

మొదట మాటనుగూర్చి యొక మాట. ఇట్టి వివరములను లోకమున డేటా యందురు. లాటిన్ భాషలో ఆ మాటకు ఇయ్యబడినవి యని యర్థము. మన దత్త శబ్దమునకును దానికిని చుట్టరికము కలదు. దానము చేయు ధాతువే రెండింటికిని మూలము. మన వారును దత్తాంశము అని చక్కగా తెనిగించిరి. కాని, నే నాలోచించినకొలది ఈ పేరు సందేహాస్పదముగా తోచుచున్నది. దత్తము కావలెనన్న దాత యుండవలెను, ఇచ్చుచున్నానన్న యెరుక యుండవలెను. ముందే టిక్కు పెట్టిన గడి దానమగునా?

టిక్కెట్టు వ్యాపారి మన దుకాణదారువంటివాడు కాడు. ఉప్పు కొన్నవాని పేరు ఉప్పు వర్తకునకు అవసరములేదు. టిక్కెట్టు కొన్నవాని పేరు మాత్రము టిక్కెట్టుకంటె విలువైనది. టిక్కెట్టు ఆ రాత్రితో చెల్లిపోవును. పేరు చెల్లదు. ఒక టిక్కెట్టులో ఎంత సమాచారమున్నదో చూడుడు. వెలను బట్టి స్తోమత తెలియును. రెండు కొన్నారా, నాలుగు కొన్నారా యనుదానిని బట్టి సంసారము తెలియును. హరికథయా, సినిమాయా, క్రికెట్టా, రాజకీయ హాస్యమా యనుదానిని బట్టి అభిరుచియు, కొంతవరకు అభిప్రాయములును తెలియును. ద్వారమువద్ద టిక్కెట్టుమీది గీతలను యంత్రము చదివిన గడియను బట్టి ఆ యింటికి తాళము వేసియున్న వేళ గూడ తెలియును. ఇంటిలోని లోపమును దాచుమన్న పెద్దలు ఇంతవరకు ఊహించిరో లేదో!

ఈ సమాచారము మూడు దారుల సొమ్మగును. మొదటిది సులభము: మనకే మరల అమ్ముట. దీనిని నేను తప్పుపట్టను; పూర్వము బట్టల వర్తకుడును గుర్తుపెట్టుకొని పండుగకు కబురంపెడివాడు. రెండవది, కచేరీ జరుపువారికి, గాయకుల ప్రతినిధులకు, మందిరముల యజమానులకు, క్రీడాజట్టులకు వివరములను పంచుట. టిక్కెట్టు వర్తకములో ప్రపంచప్రసిద్ధి గన్న టికెట్‌మాస్టర్ అను అమెరికా సంస్థ ఇట్లు పంచుదుమని తన నియమావళిలోనే వ్రాసికొనియున్నది. ఆ చేరినవారు మరల తమ నియమముల ప్రకారము వాడుకొందురు. ఒక దీపమునుండి పది దీపములు వెలిగించినట్లు. మొదటి దీపము నార్పినను తక్కినవి వెలుగుచునే యుండును.

మూడవ దారి ప్రకటనలది. ఇది కొంచెము వివరింపవలెను. అనేక టిక్కెట్టు స్థలములలో కంటికి కానరాని గురుతులు పొదిగియుండును. మనము ఒక కచేరీ పుటను తెరచినంతనే, కొన్నను కొనకున్నను, ఫలానా ఫోనువాడు ఫలానాది చూచెనని అవి ప్రకటనల వ్యాపారము చేయు పెద్ద సంస్థలకు వార్త నంపును. మరియొక ఉపాయము కలదు. మన ఈమెయిలు చిరునామాను ఒక గణితసూత్రముతో చదువరాని అక్షరమాలగా మార్తురు. పేరు పంపలేదు గదా యందురు. అవతలివారును తమయొద్దనున్న చిరునామాలను అదే సూత్రముతో మార్చిపెట్టుకొందురు. రెండు మాలలును సరిపోలినచోట మనుష్యుడు పట్టుబడును. పేరు చెప్పక గోత్రము, నక్షత్రపాదము, ఇంటిముందరి చెట్టు చెప్పినట్లున్నది ఈ మర్యాద. అటుపైని మావంటివారు ఎచ్చటెచ్చట నున్నారో వెదకి, వారికిని అవే ప్రకటనలు చూపుదురు. కాశీయాత్రకు మేము పనికివచ్చినచో మావంటి మరి లక్షమందియు పనికివత్తురని లెక్క.

గిరాకిని బట్టి గడియగడియకు వెల పెంచు పద్ధతి యొకటి కలదు. 2024లో ఇంగ్లండునందు ఓయాసిస్ అను పాటల బృందమువారి టిక్కెట్టులవిషయమున దానిపై గొప్ప అలజడి పుట్టెను. కాని ఆ పద్ధతి జనసమ్మర్దమును జూచి వెల వేయునదే గాని మనుష్యుని జూచి వేయునది కాదు గనుక దానిని విడిచెదను.

ఆ టికెట్‌మాస్టర్ 2010లో లైవ్ నేషన్ అను కచేరీల సంస్థతో నేకమైనది. పాడించువారును, టిక్కెట్టు అమ్మువారును, అనేక మందిరములు నడుపువారును ఒక్కరేయైరి. ఈ యేకాధిపత్యము అక్రమమని 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖయు అనేక రాష్ట్రములును దావా వేసినవి. ఆ దావా గుట్టును గూర్చినది కాదు. అయినను ఆ సంస్థ 2019లో తెచ్చిన యొక మార్పు మనకు ముఖ్యము. కాగితపు టిక్కెట్టునకు మారుగా ఫోనులో కొన్ని క్షణములకొకసారి మారిపోవు గురుతును పెట్టిరి. దొంగటిక్కెట్టులు నిలుచునని కారణము చెప్పిరి. అది నిజమే. కాని ఫలితము మరియొకటియు కలదు. పూర్వము నాలుగు టిక్కెట్టులు కొన్నచో సంస్థకు కొన్నవాడొక్కడే తెలియును. ఇప్పుడు మిత్రునకు టిక్కెట్టు పంపవలెనన్న ఆ మిత్రుడును తన పేరు చేర్చుకొని ఖాతా తెరవవలెను. నలుగురును తెలియుదురు. గులాబిరంగు కాగితము చేతులు మారుటకు ఎవరి యనుమతియు నక్కరలేకుండెను.

కూడబెట్టినది కాపాడుదురా యన్న ప్రశ్న తరువాతిది. ఆ సంస్థవారు, సందేహములకు యంత్రమే బదులు చెప్పు ఉపకరణము నొకదానిని మరియొక సంస్థనుండి తెచ్చి, సొమ్ము చెల్లించు పుటలోనే పెట్టిరి. 2018లో దొంగలు దానిలో తమ అక్షరములను చొప్పించిరి. ఐరోపాలో 94 లక్షల వినియోగదారులు ప్రమాదమున బడిరి. ఒక్క బార్క్లేస్ బ్యాంకునకు సంబంధించినవే 60,000 కార్డులపై మోసములు జరిగినవి. మోసము జరుగుచున్నదని బ్యాంకులు హెచ్చరించిన తరువాత, ఆ పుటనుండి సమాచారమెచటికి పోవుచున్నదో గమనించుటకు సంస్థకు తొమ్మిది వారములు పట్టినదట. 2020 నవంబరులో బ్రిటన్ సమాచార అధికారి వారికి 12 లక్షల 50 వేల పౌనుల జరిమానా విధించెను. ఆ మరుసటి మాసముననే, పోటీ సంస్థ యంత్రములలోనికి అనుమతిలేక చొరబడినందులకు అమెరికాలో కోటి డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనిరి. ఇతరుల గుట్టు చూచుటకు తామే తలుపు దాటినవారు, మన గుట్టునకు తలుపు వేయమరచిరి.

2024 మే 20వ తేదీని మరల దొంగలు పడినట్లు గుర్తించిరి. ఈసారి వివరములు వేరొక సంస్థ నడుపు యంత్రశాలలో నుండెను. 56 కోట్ల మంది వివరములు తమయొద్ద నున్నవని చెప్పుకొని, దొంగలు 5 లక్షల డాలర్లకు వానిని అమ్మకమునకు పెట్టిరి. ఆ సంఖ్య దొంగలు చెప్పినది. దానిని ఎంతవరకు నమ్మవలెనో మీరే నిర్ణయించుకొనుడు. నన్ను కలచినది సంఖ్య కాదు. మే 31న సంస్థవారు ప్రభుత్వమునకు సమర్పించిన పత్రములో, ఈ సంఘటనవలన తమ వ్యాపారమునకు చెప్పుకోదగిన నష్టము కలుగునని తలంచుటలేదని వ్రాసిరి. చట్టము అట్లు వ్రాయుమన్నది, వ్రాసిరి. కాని ధాన్యము తాకట్టు పెట్టుకొన్న షావుకారు, గాదె దోచుకొనిపోయిరి, అయినను నాకేమియు నష్టము లేదనినచో, ఆ ధాన్యమెవరిదో వేరుగ చెప్పనక్కరలేదు గదా!

వివరములు వ్యాపారమునకే గాక పగకును పనికివచ్చును. 2022 సంవత్సరాంతమున న్యూయార్కునందు ఒక తల్లి తన కుమార్తెతోను, కుమార్తె తోడి బాలికలతోను క్రిస్మస్ నృత్యప్రదర్శన చూడబోయినది. ద్వారముకడ యంత్రము ఆమె ముఖమును గుర్తుపట్టినది. ఆమె న్యాయవాది. ఆమె పనిచేయు కార్యాలయము, ఆ మందిరమును నడుపు మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వారికి సంబంధించిన యొక భోజనశాలపై దావా నడుపుచున్నది. ఆ దావాతో ఆమెకు సంబంధములేదు. అయినను లోనికి పోనీయలేదు. పిల్లలు లోపల ఆట చూచుచుండ ఆమె వెలుపల నిలువవలసివచ్చెను. డేరా బయట పద్యములు విన్న బాలుడను గనుక నాకామె దుఃఖము కొంత తెలియును.

మన దేశమునకు వత్తము. ముంబయిలో 1999లో పుట్టిన యొక సంస్థ 2007లో బుక్‌మైషో యను పేరుతో ఈ వర్తకమును విస్తరింపజేసినది. 2024 సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే యను ఆంగ్ల గాయకబృందము వారి ముంబయి కచేరీలకు టిక్కెట్టులు పెట్టగా, కోటికి పైగా జనులు ఒక్కసారి ఎగబడిరని వార్తలు వచ్చినవి. దొరికినది కొద్దిమందికి. పేరిచ్చి రిక్తహస్తములతో మరలినవారే ఎక్కువ. అదే సంవత్సరము ఆగస్టులో, ఇంటింటికి భోజనము చేర్చు జొమాటో సంస్థ పేటీఎం వారి టిక్కెట్టు వ్యాపారమును 2,048 కోట్ల రూపాయలకు కొనుటకు ఒప్పందము చేసికొన్నది. మనమేమి తిందుమో, ఏ వేళ తిందుమో, ఏమి చూతుమో, ఎవరితో చూతుమో ఒక్క కప్పు క్రిందికి వచ్చినది. వారు వానిని కలిపి వాడుచున్నారని నేననుటలేదు. కలుపుటకు వీలు కలిగినదని మాత్రమే యనుచున్నాను.

ఇక చట్టము. కర్ణాటక ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండి విశ్రాంతి గొన్న పుట్టస్వామిగారు ఎనుబదియేండ్లు దాటిన తరువాత, 2012లో, వ్యక్తి గోప్యతకై సర్వోన్నత న్యాయస్థానమునకు వెళ్లిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. విశ్రాంతి గొన్నవారు చేయదగిన పనులకు అదియొక దృష్టాంతము. దాని వెనుక 2023 ఆగస్టులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. సమ్మతి స్వేచ్ఛతోను, ఎరుకతోను, ప్రత్యేకముగ నొక్క పనికై ఇయ్యబడినదై యుండవలెనని అది చెప్పుచున్నది. చట్టములోనే యొక దృష్టాంతము కలదు. ఫోనుద్వారా వైద్యము చేయు సంస్థ, రోగి ఫోనులోని పేర్లపట్టికను గూడ అడుగగా అతడు సరే యనెననుకొనుడు. వైద్యమునకు ఆ పట్టిక అక్కరలేదు గనుక ఆ సమ్మతి చెల్లదు. గాత్రకచేరికి మాత్రమక్కరయా? పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములకు తల్లిదండ్రుల యనుమతి కావలెననియు, వారి పోకడలను వెంటాడి ప్రకటనలు చూపరాదనియు గూడ కలదు.

భాషాపండితుడనైన నాకు మిక్కిలి యానందము గూర్చినది మరియొకటి. సమ్మతి యడుగు ప్రకటనను ఇంగ్లీషుననో, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని యే భాషయందో చదువుకొను వీలు కల్పింపవలెను. అనగా తెలుగున. ఇంతవరకు మేము సరే యన్నదేమో మాకు తెలియని భాషలో, చీమ తలకాయలంత యక్షరములలో నుండెను.

కొరతలును లేకపోలేదు. వివరములను కాపాడనివారికి 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు పోవును గాని, మా పదునాలుగువేలవంటివి పోగొట్టుకొన్నవారి చేతికి దానిలో నొక కాసైన రాదు. నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యమైన విధులు పదునెనిమిది మాసముల తరువాత, అనగా 2027 మే నెలలో, అమలునకు వచ్చునట్లు గడువిచ్చిరి.

మనుమరాలి ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. నిజమే వెయ్యాలని ఎవరన్నారు? ఈ చట్టము మరియొకరి వేషము వేయరాదని చెప్పుచున్నది. కచేరీకి జన్మదినము చెప్పితీరవలెనని చెప్పుటలేదు. కర్ణపర్వమున శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుడను తాపసుని కథ చెప్పెను. సత్యమే పలుకుదునని వ్రతము పట్టిన యా కౌశికుని, పారిపోవుచున్న జనులు ఏ దారిని బోయిరని దొంగలడుగగా, ఉన్నదున్నట్లు చెప్పినాడు. జనులు చంపబడిరి. కౌశికుడు నరకమునకు పోయెను. ఈ కథను ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్కలేదు. ఆ దినము మాత్రము జ్ఞాపకమునకు రాలేదు. టిక్కెట్టు సంస్థలు దొంగలని నా యభిప్రాయము కాదు. అడిగినవానికెల్ల చెప్పుట సత్యవ్రతము కాదని మాత్రము తెలిసికొంటిని. ఇప్పుడు మేము ఆ గడిని ఖాళీగా విడుచుచున్నాము. ఖాళీని ఒప్పుకొననిచోట టిక్కెట్టు కొనుట లేదు. పేర్లపట్టికకు, ఉన్నచోటునకు కాదని చెప్పుచున్నాము. కచేరీలకని వేరొక ఈమెయిలు చిరునామాను మనుమరాలు తెరచినది. ప్రకటనల ఫోనులు వలదని 1909 సంఖ్యకు తెలిపితిమి. కొంత తగ్గినవి, ముగియలేదు.

కాని మా యింటి యామె ఆ దినమునుండి మూడు మాసములు ఫోను ముట్టలేదు. దూరదేశమున నున్న కుమారుడు పిలిచినను నన్నే తీయుమనెడిది. సొమ్ము పోయినందులకు కాదు, తెలివితక్కువదాననైతినని. ఎన్నివిధముల జెప్పినను ఆమె మనస్సు కుదుటపడలేదు. తుదకొకనాడు, నీ పేరును, నీ పుట్టినదినమును నిన్నడుగక ఇచ్చినవాడను నేను, తప్పు నాదని చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "నలభై మూడేళ్లలో నా వయసు నన్నడిగి ఎవరికి చెప్పారు గనక?" అన్నది. సమ్మతి యను మాటకు నేను చదివిన నిఘంటువులలో ఏదియు నా కంత స్పష్టముగ నర్థము చెప్పలేదు. మరునాడు కుమారుని ఫోను ఆమెయే తీసినది.

మావద్దనుండి గైకొన్న వివరములేవి, ఎవరికిచ్చితిరి, ఇక తుడిచివేయుడు అని యా సంస్థకు ఒక యుత్తరము తెలుగున వ్రాసితిని. అట్లడుగు హక్కు అమలునకు వచ్చుటకు గడువున్నది గనుక తేదీ వేయలేదు. క్రింద ఇరువురము సంతకములు చేయవలెను. నాది చేసితిని. ఆమె ముందుగ చదివి చేసెదనని, కండ్లజోడు పెట్టుకొని, ఉత్తరము తీసికొని లోపలికి పోయినది.